కల్పలత అడిగిన ఆదివారం

పప్పు కుక్కరు చేతుల్లోంచి జారి గచ్చు మీద పడేసరికి హాల్లో కూర్చున్న ముగ్గురూ ఒకేసారి వంటింటి గుమ్మంలోకి వచ్చారు. వేడి పప్పు చింది కల్పలత పాదం ఎర్రగా కమిలింది. ఆ పాదం వంక ఎవరూ చూడలేదు.

"అయిపాయె. పిల్లలు ఆకలంటున్నరు, ఇగ ఏం పెడ్తవ్?" అంది అత్త బుచ్చమ్మ.

మెట్టుగూడలోని ఆ రెండు గదుల ఇంటికి ప్రతి ఆదివారం ఆడబిడ్డ స్వరూప పిల్లలిద్దరినీ తీసుకుని వస్తుంది. మాంసం, పప్పుచారు, బగారన్నం... అన్నీ కల్పలతే చెయ్యాలి. ఆరేళ్లుగా కీళ్లవాతం ఆమె వేళ్లను కొద్దికొద్దిగా వంకర తిప్పుతూనే ఉంది. పొద్దున లేచాక రెండు గంటల దాకా పిడికిలి బిగియదు, మూత తిరగదు. అయినా ఎవరు ఎలా ఉన్నావని అడిగినా "మంచిగనే ఉన్న" అనడం ఆమెకు ఊపిరిలా అలవాటైపోయింది.

పాదం బొబ్బలెక్కాక గానీ కాలిన చోట రాసే మందు కోసం బుచ్చమ్మ అల్మారా తెరవలేదు. మందు దొరకలేదు గానీ చీరల అడుగున మాత్రల అట్టలు దొరికాయి. రెండు నెలలవి. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

"చూడు బిడ్డా, నీ పెండ్లాం నిర్వాకం" అంటూ వాటిని కొడుకు ముందు విసిరేసింది.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఓంప్రకాశ్ మాటకారి కాదు. ఆ రోజు మాత్రం అతని గొంతు పక్కవాటాకు వినిపించింది. "సెలవు పెట్టి నిన్ను దవాఖానకు తిప్పుతున్న. లైన్ల నిలబడి గోలీలు తెస్తున్న. నువ్వేమో దాస్తున్నవా? నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా?"

"నయమైతే పని చెయ్యాల్సొస్తదని భయమేమో, అన్నా" అంది స్వరూప, చీర కుచ్చిళ్లకు అంటిన పప్పు దులుపుకుంటూ.

కల్పలత గచ్చు మీది పప్పు తుడవసాగింది. ఆ మాట కాలిన పాదం కన్నా ఎక్కువ మండింది... కానీ ఏమని చెప్పాలి? వారానికొకసారి శనివారం రాత్రి వేసుకునే ఆ మందు మర్నాడంతా తనను మంచం దిగనివ్వదని, కడుపులో తిప్పుతుందని, ఆదివారం వీళ్లందరికీ వండిపెట్టడానికి నిలబడాలనే వేసుకోవడం మానేశానని ఎలా చెప్పాలి?

మర్నాడు ఓంప్రకాశ్ ఆమెను దవాఖానకు తీసుకెళ్లాడు, తీసుకెళ్లడం కాదు, ఈడ్చుకెళ్లాడు. "మేడం, మీరే అడగండి, ఎందుకు మింగలేదో" అన్నాడు నేరం రుజువు చేసేవాడిలా.

డాక్టర్ హదస్సా ఆమె వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. వాపు మణికట్టు దాకా పాకింది. "ఇట్లనే వదిలేస్తే రేపు ముద్ద కలుపుకునుడు సుత కష్టమైతది, అమ్మా. ఇంట్ల నీకేం కావాలె, చెప్పు."

"ఈయనకు పొద్దుగాల అన్నం డబ్బా టైముకు అందాలె, మేడం. అత్తమ్మకు ఆరుకే చాయ్ కావాలె. ఆదివారం పిల్లలు..."

"అవన్నీ వాళ్లకు కావాలె. నీకేం కావాలె?"

కల్పలత నోరు తెరిచింది. నలభై మూడేళ్ల మనిషి, పేరడిగినంత సులువైన ప్రశ్నకు జవాబు దొరకక, డాక్టరు బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. ఓంప్రకాశ్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చే దారంతా ఆమె ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకుంది. నయం కావాలా? ఈ జబ్బు పూర్తిగా నయం కాదని డాక్టరు ఎప్పుడో చెప్పేసింది. జాలి కావాలా? అక్కర్లేదు. మరి? సాయంత్రం అత్తకు అన్నం వడ్డిస్తుండగా గరిటె బరువుకు మణికట్టు కలుక్కుమంది. అప్పుడు దొరికింది జవాబు.

గరిటె గిన్నెలోనే వదిలేసింది. "అత్తమ్మా, నాకు రెండు కావాలె. పొద్దుగాల ఎనిమిదింటి దాంక నన్నెవరు పిలవొద్దు. శనివారం గోలీలు మింగుత. ఆదివారం పండుకుంట."

బుచ్చమ్మ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "మరి వండేదెవరు? ఈ ముసలిదా? పెండ్లయిన కాడికెల్లి ఒక్క పూట కూసోలే నేను. నొప్పులు నాకు లెవ్వా?"

"ఉన్నయ్, అత్తమ్మా. మీరు చెప్పలే. నేను చెప్తున్న."

"నోరు లేస్తున్నది" అంది బుచ్చమ్మ, కంచం తోసేస్తూ.

ఆ వారమంతా అత్త ఆమెతో మాట్లాడలేదు. భర్త డబ్బా లేకుండానే డ్యూటీకి వెళ్లాడు, తలుపు ధడేలున వేసి. సంగతి ఫోనులో విన్న స్వరూప "ఇగ నేనా ఇంటి గడప తొక్క" అంది. శనివారం రాత్రి కల్పలత అందరి ముందే మాత్రలు మింగింది.

తొక్కనన్న స్వరూప ఆదివారం పిల్లలతో రానే వచ్చింది. మూసిన తలుపు వెనక కల్పలత గోడ వైపు తిరిగి పడుకుంది. కడుపు తిప్పుతోంది. వంటింట్లో గిన్నెలు కావాలనే ఎత్తి పడేస్తున్న చప్పుడు... "మారాణి లేవలేదా?" అని ఆడబిడ్డ గొంతు... అడుగంటిన మాంసం వాసన. లేచి వెళ్లి స్టవ్ తగ్గిద్దామని రెండుసార్లు దుప్పటి తీసింది. రెండుసార్లూ మళ్లీ కప్పుకుంది. ఆరేళ్ల నొప్పి కన్నా, లేవకుండా పడుకోవడమే ఎక్కువ కష్టమైంది ఆమెకు!

"నువ్వు పొయ్యి ఆ ఉల్లిగడ్డలు కొయ్యి, స్వరూపా. అరవకు" అని ఓంప్రకాశ్ అనడం వినిపించింది. స్వరూప ఏదో గొణిగింది. కాసేపటికి కత్తిపీట చప్పుడు మొదలైంది.

మధ్యాహ్నం తలుపు తోసుకుని బుచ్చమ్మ కంచంతో లోపలికి వచ్చింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. కంచాన్ని మంచం పక్క స్టూలు మీద ఠక్కున పెట్టింది.

"తిను. ఉప్పెక్కువైంది. ఏం మాట్లాడకు."

ఎప్పటిలా అయితే కల్పలత గబుక్కున లేచి, "మీరెందుకు తెచ్చిండ్రు, అత్తమ్మా, నేను మంచిగనే ఉన్న" అనేది. వాంతికొస్తున్నా రెండు ముద్దలు మింగేది. ఇప్పుడు దిండు మీద నుంచి తల ఎత్తకుండానే అత్త ముఖంలోకి చూసింది.

"మంచిగ లేను, అత్తమ్మా. ఇప్పుడు తినలేను. గంటాగి తింట."

బుచ్చమ్మ పెదవి విరిచింది. గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లి, ఒక మూత తెచ్చి కంచం మీద బోర్లించింది. బయటికి పోతూ తలుపు దగ్గరగా వేసింది, ఈసారి చప్పుడు కాకుండా.