కోజి గదిలో తుపాకీ చెక్క

ఉదయం ఆరున్నరకి తోవా కోజి గది తలుపు తీసింది. వంటింటి వెనక, చెక్క గోడల మధ్య, నలుగురు నిలబడేంత చోటు. ఏటా చలికాలం చివర అక్కడే ఉడికించిన బియ్యానికి బూజు పట్టిస్తుంది. బూజు పట్టిన ఆ బియ్యాన్నే కోజి అంటారు. దాన్ని సోయా గింజలతో కలిపి పులియబెడితేనే ఇంటికి ఏడాది పొడుగునా సరిపడే మిసో ముద్ద తయారవుతుంది. బయట కిటికీ అంచు దాకా మంచు ఉన్నా లోపల ముప్ఫై డిగ్రీల వెచ్చదనం, గోడలకి చెమ్మ. బియ్యం పళ్లేల పక్క అర మీద, పాత గుడ్డలో చుట్టి, చెయ్యంత పొడుగున ఏదో ఉంది.

"ఏమయ్యో! నా గదిలో పెట్టిందేమిటి?"

"తుపాకీ చెక్క. ముట్టుకోకు." కిసబురో టీ తాగుతూ ముందుగది నుంచే జవాబిచ్చాడు.

"తుపాకీ తెచ్చి నా బియ్యం పక్కన పెడతావా?"

"తుపాకీ కాదే, చెక్క. ఇనుమంతా బీరువాలోనే ఉంది. రెండు మరలు విప్పితే చెక్క చెక్కే. పోలీసులకి కూడా దాంతో పని లేదు. బీట పడిన చోట ఉరుషి చెట్టు పాలలో గోధుమపిండి కలిపి అతికించాను. ఉరుషి ఎండలో ఆరదు, చెమ్మలో ఆరుతుంది. ఈ ఊళ్లో ఈ నెలలో చెమ్మా వెచ్చదనం రెండూ ఉన్న చోటు నీ గదొక్కటే. రెండు వారాలు ఓపిక పట్టు."

"పెళ్లయిన నలభై ఎనిమిదేళ్లకి నా గదిని మెచ్చుకున్నావన్నమాట."

"మెచ్చుకోలేదు. వాడుకుంటున్నాను."

కిసబురోకి డెబ్బై నాలుగు. ఆ కొండల్లో ఎలుగుబంట్ల వేటకి వెళ్లే ఏడుగురి జట్టుకి పెద్ద. ఆ రైఫిల్ నలభై ఒక్కేళ్లుగా అతని చేతిలో ఉంది. దాంతో ఎన్ని ఎలుగుబంట్లని కొట్టాడో ఎవరడిగినా చెప్పడు. ఎవరు కొట్టినా జట్టంతటికీ సమానవాటా, ఇక లెక్క ఎందుకంటాడు. ఇనప బీరువా తాళం ఎక్కడ పెడతాడో చట్టప్రకారం పెళ్లానికి కూడా తెలియకూడదు. తోవాకి తెలియదు. ఆడవాళ్లు ముట్టిన ఆయుధాన్ని చూస్తే కొండదేవతకి కోపమని అత్తగారు చెప్పింది. తోవా ముట్టలేదు.

పది రోజుల కిందట జింకల వేట నుంచి వస్తూ, మంచులో కాలు జారిందనీ, తుపాకీ రాయికి కొట్టుకుని పిడి దగ్గర బీట పడిందనీ చెప్పాడు. తోవా మోకాలికి వేణ్ణీళ్ల గుడ్డ కట్టింది. అంతటితో ఆ మాట అయిపోయిందనుకుంది.

కూతురు బూట్లు తొడుక్కుంటూ గడప దగ్గర ఆగింది. పేరు మిసాతో. ఆమెకి ముప్ఫై తొమ్మిది. ఊరి అటవీ కార్యాలయంలో పని. మామూలు వేట తుపాకీ పట్టి పదేళ్లు మధ్యలో ఖాళీ లేకుండా గడిస్తేగాని రైఫిల్‌కి అనుమతి ఇవ్వరు. ఆ పదేళ్లు ఫిబ్రవరిలో నిండాయి. నిండిన రోజున తన రైఫిల్ నీదేనని కిసబురో పదేళ్ల కిందటే జట్టు ముందు మాటిచ్చాడు.

"నాన్నా, ఆ కాగితం మీద ముద్ర వేశారా?"

"ఏ కాగితం?"

"ఈ తుపాకీ మా అమ్మాయికి ఇస్తున్నానని రాసే కాగితం. అది లేకుండా పోలీసు స్టేషన్లో దరఖాస్తు తీసుకోరు. ఏప్రిల్లో మంచు గట్టిపడగానే ఎలుగుబంట్లు బయటికొస్తాయి."

"విరిగిన వస్తువుని కూతురి చేతిలో పెడతానా? బాగవనీ."

"నగరంలో షాపాయన్ని అడిగాను. వారంలో కొత్తది బిగిస్తాడట. ప్లాస్టిక్‌ది. తేలిక, వానకి తడవదు."

"ప్లాస్టిక్ బకెట్లకి."

"పోనీ ఈ చెక్కే ఆయనకి చూపిద్దాం. అతుకు నిలుస్తుందో లేదో చెబుతాడు."

"ఎవరికీ చూపించక్కర్లేదు!"

టీ కప్పు బల్ల మీద గట్టిగా మోగింది. మిసాతో తల్లి వైపు చూసి, రెండో బూటు తొడుక్కుని వెళ్లిపోయింది. తోవా గిన్నెలు తీస్తూ ఆలోచించింది. దారిన పోయేవాణ్ణి పిలిచి మరీ ఆ తుపాకీ చూపించే మనిషి. ఇప్పుడు ఎవరికీ చూపించొద్దంటున్నాడు.

ఆ తర్వాత కాగితం ఊసెత్తినప్పుడల్లా అదే జవాబు. బాగవనీ. పన్నెండో రోజున తోవా బియ్యం తిప్పడానికి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, గుడ్డ విప్పింది.

పని బాగుంది. బీట ఉన్న చోట సన్నటి నల్లగీత తప్ప ఇంకేం కనబడలేదు. వేలితో తడిమితే కొద్దిగా జిగట తగిలింది. చెక్కని తిప్పి మడమ చూసింది. భుజానికి ఆనే చోట దళసరి రబ్బరు బిళ్ల ఉంటుంది. అది ఒక మూల చెక్క దాకా అరిగిపోయి ఉంది. అరిగిన చోట ఇసకా, సన్నటి గులకా దిగబడి ఉన్నాయి.

ఒక్కసారి రాయికి తగిలితే గాటు పడుతుంది, అరగదు. తోవా తల్లి చివరి మూడేళ్లు చేతికర్ర పట్టుకుని నడిచింది. ఆ కర్ర అడుగు ఎటువైపు అరుగుతుందో తోవాకి బాగా తెలుసు.

ఆమె గుడ్డ ఎలా ఉందో అలాగే చుట్టి పెట్టింది.

మర్నాటికల్లా వేళ్ల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. పచ్చి ఉరుషి తగిలితే ఆ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలిసే దురద అది. పొద్దున అన్నం వడ్డిస్తుంటే కిసబురో ఆ వేళ్లు చూశాడు.

"ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను."

"ఏం మనిషివే నువ్వు! ఆడది ముట్టిన చెక్కని ఏ మొహంతో కొండకి తీసుకెళ్లను?"

మిసాతో చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "మరి నేనెవర్ని నాన్నా? పదేళ్ల నుంచి మీ వెనకాల మంచు తొక్కుతున్నది మగాడా?"

"నువ్వు ఊరుకో. ఇది మీ అమ్మకీ నాకూ మధ్య మాట."

"అది ఊరుకోదు, నేనూ ఊరుకోను," అంది తోవా. ఆమె గొంతు పెంచలేదు. "రాయికి తగిలి పగలలేదు అది. చలికాలమంతా దాన్ని చేతికర్ర చేసుకుని నడిచావు. ఆఖరికి నీ బరువుకి పగిలింది."

కిసబురో అన్నం గిన్నె పట్టుకునే ఉన్నాడు.

"దాని మీద ఒరిగితే గొట్టం ఎటు చూస్తుంది? నీ గడ్డం కిందకి చూస్తుంది. మీ జట్టులో ఆ కుర్రాడు ఇసాము ఒక్కసారి తుపాకీ మీద ఆనుకుంటే ఏం చేశావు? అందరి ముందూ తిట్టి, ఒక చలికాలమంతా ఇంట్లో కూచోబెట్టావు. వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి ఏడ్చింది. మా ఆయన అన్నది రైటేనని చెప్పి పంపాను."

"గుండ్లు తీసేసే ఆనుకున్నాను."

"ప్రతిసారీనా?"

కిసబురో కళ్లు గిన్నెలోకి దించుకున్నాడు. మిసాతో తండ్రి మొహంలోకి చూసింది. ప్రతిసారీ కాదని ముగ్గురికీ తెలిసిపోయింది.

"నీ అనుమతి తిరగరాసినప్పుడల్లా పోలీసాయన వచ్చి నన్నే కదా అడిగేది," అంది తోవా. "కోపిష్టా, తాగుతాడా, ఆయన చేతిలో తుపాకీ ఉంటే మీకు భయమా అని. ఏనాడూ భయమనలేదు. రేపొచ్చి అడిగితే ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు. అబద్ధం మాత్రం చెప్పను."

కిసబురో గిన్నె దించాడు.

"ఆకురాలే కాలం నుంచి మోకాలు నిలవడం లేదు. ఎక్కుతాను. దిగలేను. కర్ర పట్టుకుని వెళితే జట్టువాళ్లు చూస్తారు. తుపాకీ అయితే ఎవరూ చూడరు."

"నాతో అనొచ్చుగా!" అంది మిసాతో.

"నీతో అంటే తుపాకీ నీకివ్వాలి. ఇచ్చేశాక మర్నాడు పొద్దున లేచి నేనేం చెయ్యాలి? మీ అమ్మ పక్కన కూచుని బియ్యం తిప్పాలా?"

"నా బియ్యం అంత తేలిగ్గా లొంగదులే," అంది తోవా. "నీకు రెండు చలికాలాలు పడుతుంది నేర్చుకోడానికి."

మిసాతోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుని తండ్రి ఎదురుగా జరిగి కూచుంది.

"నాన్నా, ఎదుటి గట్టు మీద ఎవరున్నారు ఇప్పుడు?"

ఎలుగుబంటిని ఒక వాలు మీద తరుముతుంటే, లోయకి అవతల గట్టు మీద ఒక మనిషి నిలబడాలి. తరిమేవాళ్లకీ, కాచుకున్నవాళ్లకీ జంతువు కనబడదు. అవతల నుంచి అతనొక్కడికే అన్నీ కనబడతాయి. అతను చేతులతో చూపిన వైపుకి జట్టు కదులుతుంది. ఆ పని చేసే పెద్దాయన కిందటేడు పోయాడు.

"ఎవరూ లేరు," అన్నాడు కిసబురో.

"అందుకే పోయిన వసంతంలో మూడు తప్పించుకున్నాయి. ఒకటి ఇసాము మీదికి వచ్చింది. గట్టు దాకా మంచుబండి వెళుతుంది, దిగే పని లేదు. అక్కడ తుపాకీ అక్కర్లేదు. ఆ కొండ మీద ఎలుగుబంటి ఎటు తిరుగుతుందో తెలిసిన కళ్లు కావాలి. అవి మీకు తప్ప మాలో ఎవరికీ లేవు. మిమ్మల్ని అడగాలని అందరికీ ఉంది. పెద్దాయన చేతిలోంచి తుపాకీ దింపమని ఎవరు చెబుతారని ఊరుకున్నారు."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"తుపాకీ కోసమే అడుగుతున్నానని అనుకుంటారని."

కిసబురో లేచి, గోడ పట్టుకుని, లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. తోవా అతని అన్నం గిన్నె మీద మూత పెట్టింది. కూతురు వెనకాలే వెళ్లబోతే చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ. వస్తాడు."

పది నిమిషాలకి తలుపు తెరుచుకుంది. కిసబురో చేతిలో దర్జీ టేపు ఉంది.

"అమ్మాయీ, మోచెయ్యి మడుచు."

మోచేతి వంపు నుంచి చూపుడువేలి కణుపు దాకా కొలిచాడు. రెండుసార్లు కొలిచి, క్యాలెండరు వెనక రాసుకున్నాడు.

"నాకంటే పొట్టి చెయ్యి. మడమ దగ్గర రెండు సెంటీమీటర్లు కొయ్యాలి. రబ్బరు కొత్తది వెయ్యాలి. కోసేది నేను కాదు, షాపాయన. సోమవారం వెళదాం."

"చూపిస్తారా ఆయనకి?"

"చూపిస్తాను. ఎందుకరిగిందో కూడా చెబుతాను. జట్టుకీ చెబుతాను. ఇసాముకి ముందు చెప్పాలి."

షాపాయన అతుకుని వంచి చూశాడు, తట్టి విన్నాడు, నాలుగు రోజులు ఉంచుకుని తుపాకీకి బిగించి పేల్చి చూశాడు. పగులు మళ్లీ విచ్చుకోలేదు. అరిగిన మూల కోతలోనే పోయింది. కొత్త పొడవు దరఖాస్తులో రాశారు, కిసబురో ముద్ర వేశాడు.

వారం తర్వాత స్టేషన్ నుంచి హతకెయామ వచ్చాడు. ముప్ఫై ఏళ్లవాడు. బూట్లకి మంచు దులుపుకుని, కాగితం తీసి, అలవాటుకొద్దీ తోవా వైపు తిరిగాడు.

"ఈసారి దరఖాస్తు మా అమ్మాయిది కదండీ," అంది తోవా. "ఆయన్ని అడగండి."

హతకెయామ కిసబురో వైపు తిరిగి కూచున్నాడు. "పెద్దాయనా, ఏమనుకోకండి, అడగాలి గనక అడుగుతున్నాను. మిసాతో గారు కోపిష్టా?"

"కోపిష్టే. వాళ్లమ్మ పోలిక."

తోవా టీ పోస్తూ, "అది రాసుకోకండి," అంది.

"తాగి గొడవ చేస్తుందా?"

"లేదు. ఒక్క చుక్కకే నిద్రపోతుంది."

"ఆమె చేతిలో రైఫిల్ ఉంటే మీకు భయంగా ఉంటుందా?"

కిసబురో కూతురి వైపు చూశాడు. హతకెయామ కలం ఆపి చూశాడు. మిసాతో తల వంచుకుంది.

"వచ్చే నెల నేను ఎదుటి గట్టు మీద నిలబడతాను," అన్నాడు కిసబురో. "ఇరవై ఏళ్లప్పట్నించి ఉత్త చేతులతో ఆ కొండకి వెళ్లలేదు. ఇప్పుడు వెళుతున్నాను. రైఫిల్ దాని చేతిలో ఉంటుంది గనకే వెళుతున్నాను. భయం లేదని రాసుకోండి. పెద్దక్షరాలతో రాసుకోండి."

హతకెయామ రాసుకున్నాడు. మిసాతో రెండు చేతులూ చాప మీద ఆనించి, నుదురు నేలకి తగిలేలా తండ్రికి వంగి దణ్ణం పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు.

అతిథిని గడప దాకా సాగనంపడం ఇంటి పెద్ద పని. కిసబురో మోకాలు సర్దుకున్నాడు. బల్ల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. తర్వాత పోలీసు ముందే, కూతురి ముందే, చెయ్యి చాచాడు.

"ఏమే, లేపు."

తోవా కెటిల్ కింద పెట్టి భుజం ఇచ్చింది. అతను బరువంతా ఆనించి లేచాడు. ఆ బరువుకి ఆమె కదల్లేదు.