నలభై ఎనిమిదో ఫ్రేమ్

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలు! కాటుక పులిమినట్టున్న ఆకాశం ఫెళఫెళమని గర్జిస్తోంది. పట్టపగలే కిటికీ అంచున గుడ్లగూబ కూసింది. యానిమేషన్ స్టూడియోలో కరెంటు పోయి అరగంటైంది. అయినా... ఆ ఒక్క కంప్యూటర్ మాత్రం వెలుగుతూనే ఉంది!

తెర మీద చెల్లెలి బొమ్మ. తల ఎత్తుతుంది, నవ్వుతుంది, తల వాల్చేస్తుంది. మళ్ళీ ఎత్తుతుంది... రెండు సెకన్ల లూప్. పక్కన కుర్చీలో ప్రాణమున్న చెల్లెలు కూడా అదే చేస్తోంది. మూడు రోజులుగా! పెదవులు పగిలి నెత్తురు కారుతున్నా ఆ నవ్వు ఆగడం లేదు. పక్కనే కంప్యూటర్ ముందున్న అక్క, కొంగుతో ఆ నెత్తురు తుడుస్తోంది.

స్టూడియో యజమానిని అందరూ చాటుగా పుర్రె సారు అనేవారు. ఆయన బల్ల మీదున్నది బొమ్మలు గీయడానికి తెచ్చిన ప్లాస్టర్ పుర్రె అనుకుని జోకులేసుకునేవారు. పాపం, అది నిజం పుర్రె అనీ, వాడు మాంత్రికుడనీ వాళ్ళకేం తెలుసు! ఇప్పుడా పుర్రె కంటిగుంటల్లోంచి నల్లటి పొగ సుడులు తిరుగుతోంది.

"లూప్ అతుకు దగ్గర, చివర మొదలుతో కలిసేచోట, తడబడుతోంది. పన్నెండు కొట్టేలోగా సాఫీగా తిరగాలి. లేదంటే నీ చెల్లెలి పీక నులిమేస్తా!" అన్నాడు పుర్రె సారు, తలుపుకు లోపలి నుంచి తాళం వేస్తూ.

ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న అక్కకు లోపం ఇట్టే తెలిసింది. మొదటి ఫ్రేమ్‌లోని బొమ్మే ఆఖరిదైన నలభై ఎనిమిదో ఫ్రేమ్‌లోనూ ఉంది. ఒకే బొమ్మ వరసగా రెండుసార్లు పడి, చుట్టుకోసారి కదలిక ఆగుతోంది. పని నేర్చుకునే మొదటి వారంలో అందరూ చేసే పొరపాటే. ఆఖరిది తీసేస్తే సరి... కానీ సరిగ్గా అక్కడే కుర్చీలోని చెల్లెలి ఛాతీ ఎగసిపడుతోంది! కళ్ళు అక్క కోసం వెతుకుతున్నాయి!

ఆమె ఆ ఫ్రేమ్‌ను తీయలేదు. టైమ్‌లైన్‌లో దాని ముందూ వెనకా కదలికను నెమ్మది చేసింది. ఇప్పుడా ఆగడం, నవ్వి సేదదీరినంత సహజంగా ఉంది. మూడు రోజులుగా వాడు జపిస్తున్న మంత్రం ఆమెకు కంఠతా వచ్చేసింది... చక్రంలో ఆఖరున గీసిన ముఖం ఎవరిదో, వారే ఆహుతి! అందుకే ఆ ఫ్రేమ్‌లో, చెల్లెలి కంటిపాపలో ఆవగింజంత ముఖం గీసింది. పుర్రె సారు ముఖం!

"భేష్! నూనె రాసినట్టు తిరుగుతోంది!"

మాంత్రికుడు వికటాట్టహాసం చేస్తూ పుర్రెను పైకెత్తాడు. "కాలచక్రాధిష్ఠాత్రీ! ఆఖరున గీసిన ముఖం నీకు ఆహుతి... స్వాహా!"

భీకర విస్ఫోటనం! పిలిచింది వాడే... వచ్చిన మహోగ్రశక్తి మాత్రం వాడి అదుపులో ఉండేది కాదు! కరాళ జ్వాలలు వాడిని నిలువునా చుట్టేశాయి. "ఆఁ... నన్ను కాదు! నన్ను కాదు!" పుర్రె ఫట్టున పగిలింది. నేల మీద గుప్పెడు బూడిద మిగిలింది.

తెర మీద ఇప్పుడు వాడున్నాడు. చేతులెత్తుతాడు, అరుస్తాడు, కూలిపోతాడు. మళ్ళీ చేతులెత్తుతాడు... చుట్టుకోసారి, ఆ అతుకు దగ్గర, వాడి కళ్ళు అక్కను వేడుకుంటున్నాయి.

చెల్లెలు ఆమె ఒళ్ళో వాలిపోయింది. "అక్కా... నీళ్ళు." గుక్కెడు తాగి తెర వంక చూసింది. "అతుకు తియ్యలేదా?"

"నిన్ను చూశాక చేతులు రాలేదే."

"నాకు అందులోనే ఊపిరాడేది అక్కా. చుట్టుకోసారి... ఒక్క క్షణం."

వాడి కళ్ళు మళ్ళీ వేడుకున్నాయి. చెల్లెలు వాటిలోకి తదేకంగా చూసింది.

"తీసెయ్."

అక్క నలభై ఎనిమిదో ఫ్రేమ్‌ను తీసేసింది. లూప్ ఇక ఎక్కడా తడబడలేదు.