మూడో పిలుపుకి పలికిన బంకు

ఒమన్ ఎడారిలో ఆదం ఊరు దాటి హైమా దారి పట్టాక, ఎడమచేతి వైపు ఒక పాడుబడ్డ పెట్రోలు బంకు ఉండేది. దాని పేరెత్తితే ఒంటెలు కూడా అడ్డదారిన పోయేవి. పొద్దు వాలాక అక్కడ బండి ఆపి, మామూలు మనిషిగా తిరిగొచ్చినవాడు లేడు. ఒక పఠాన్ డ్రైవరు ఆపాడట — తాటిచెట్టంత మనిషి, ఒంటిచేత్తో లారీ టైరు ఎత్తేవాడు. ఏమైంది? జ్వరమొచ్చి, కలవరించి, ఉన్న ఉద్యోగం వదిలి పెషావర్ వెళ్లిపోయాడు.

చీకట్లో కళ్లు మెరుస్తాయట... ఒక జత కాదు, పెళ్లికొచ్చిన జనమంత. జుట్టు విరబోసుకున్న ఆకారం ఒకటి గోడ వెంట నడుస్తుందట. గాలి లేకపోయినా గొణుగుడు వినపడుతుందట...

రుసైల్ ఫ్యాక్టరీల దగ్గర మెస్సులో ఈ కథ చెప్పింది పెంచలయ్య. కడప మనిషి, వంటవాడు. చెప్పింది సంజీవ్‌కి. సంజీవ్ జగిత్యాల పక్క పల్లెవాడు, అదే మెస్సు నుంచి బైకు మీద క్యారేజీలు అందించే కుర్రాడు. అతను ఒమన్ వచ్చి ఏడాది. ఫ్యాక్టరీ గేట్లు తప్ప దేశం మొహం చూసి ఎరగడు. అలాంటివాడు ఆ బైకేసుకుని, ఒంటరిగా, ఎడారి అవతలి కొసనున్న దుక్మ్‌కి పోతానని కూర్చున్నాడు!

షికారుకి కాదు. తన్నడానికి.

అతని బావ ఇస్తారి దుక్మ్‌లో కొత్త ఓడరేవు కట్టే చోట పనికి వెళ్లాడు. ఎండలు ముదరక ముందు చేసిన ఫోనే ఆఖరిది. క్యాంపుకి ఫోన్ చేస్తే ఎవడో హలో అని పెట్టేస్తాడు. ఊళ్లో అక్క కనకవ్వ ప్రతి శుక్రవారం ఫోన్‌లో తమ్ముడి ప్రాణం తోడేస్తోంది.

"బతికున్నడా, సచ్చిండా, ఇంకోదాన్ని తెచ్చుకున్నడా? ఏదో ఒకటి తేల్చి చెప్పు తమ్మీ! ఏం పేరు పెట్టుకొని ఏడవాల్నో నాకు తెలుస్తలేదు."

ఆ మాటతో సంజీవ్ ఒళ్లు మండింది. మండుతూనే ప్రయాణానికి సిద్ధమయ్యాడు. చైనుకి నూనె పోశాడు — కోపంగా. నీళ్ల సీసాలు తాళ్లతో బిగించాడు — కోపంగా. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, ఒంటెలు ఎక్కడ అడ్డమొస్తాయి అని లారీ డ్రైవర్లని అడిగాడు — అదీ కొట్లాటకొచ్చినట్టే. పాపం వాళ్లు, అతను అడగనివి కూడా చెప్పేశారు.

"పొయ్యేది పో, నా మాట ఇను," అన్నాడు పెంచలయ్య. "ఆ బంకు కాడ మాత్రం నిలబడొద్దప్పా. నీ పుణ్యముంటాది."

"దయ్యం అడ్డమొస్తె దాన్ని గూడ తంత."

"దయ్యానికి యాడ తగుల్తాది నాయనా తన్ను?"

సెలవు రోజు ముందు, మధ్యాహ్నం క్యారేజీలు అందించాకే మెస్సు ఓనరు బండి వదిలాడు. నిజ్వా దాటింది. ఆదం దాటింది. సూర్యుడు గబుక్కున మునిగాడు. ఆ రోడ్డు ఎంత తిన్నగా ఉంటుందంటే, రేపు ఎదురొచ్చే లారీ ఇవాళే కనపడుతుంది! కానీ ఆ రాత్రి... ఒక్క లారీ లేదు. ఒక్క దీపం లేదు.

సరిగ్గా బంకు ఎదురుగా — టక్!

చైను ఊడింది.

బండి ఆగింది. లైటు మసకబారింది.

హ్యాండిలు ఎడమవైపు తిప్పి చూశాడు. కళ్లు. పచ్చగా... నేలకి మూరెడెత్తున... బోలెడు కళ్లు, తననే చూస్తూ.

ఇంకొకడైతే అక్కడే రాలిపోయేవాడు. సంజీవ్‌కి భయం వచ్చింది, కానీ కోపం దాన్ని పక్కకి నెట్టేసింది. ఇంత చీకట్లో, ఈ దిక్కుమాలిన చోట, ఎవడి వల్ల నిలబడ్డాడు? గొంతు చించుకుని అరిచాడు —

"ఇస్తారీ!"

కళ్లు కదిలాయి.

"ఒరేయ్ ఇస్తారీ! నీ వల్లనే గదరా నాకీ గతి!"

గోడ వెనక ఏదో జరజరమంది... ఆగింది. గాలి కూడా ఆగింది.

"ఇ...స్తా...రీ!"

చీకట్లోంచి, సన్నగా, వణుకుతూ —

"ఓ..."

సంజీవ్ వెంట్రుకలు ముళ్లలా లేచాయి. కూలిన గోడ పక్కనుంచి ఆకారం వచ్చింది. భుజాల దాకా జుట్టు. గుండెల దాకా గడ్డం. ముందు మేకల కంపు, వెనక మనిషి.

"ఎవలు... నా పేరు ఎవలకెరుక ఈడ?"

ఆ గొంతు! పెళ్లిలో తనని ఎత్తుకుని తిప్పినవాడి గొంతు.

"బావా?"

"సంజీవ్? నువ్వు... మనిషివేనా?"

"నన్నడుగుతున్నవా ఆ మాట! పిలుస్తుంటె పలుకవేంది?"

"రాత్రి పూట ఒకటి రెండు పిలుపులకు పలుకొద్దని మా అవ్వ చెప్పింది. దయ్యాలు మూడోసారి పిలువయట. నేనే బుగులుతోని సచ్చిన, సంజీవ్!"

కళ్లన్నీ మేకలవి. సైట్‌లో ఫోర్మన్ చెంప మీద కొడితే ఇస్తారి పని వదిలి, దొరికిన లారీ ఎక్కి పారిపోయాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. దొరికితే లోపలేస్తారని భయం. ఎడారి ముసలాయన ఒకడు మేకలు కాయమని, రొట్టె పెట్టి, ఈ బంకులో ఉండనిచ్చాడు. ఎవరైనా బండి ఆపితే జుట్టు విరబోసుకుని గొణిగేవాడు. వాళ్లు పారిపోతే ఊపిరి పీల్చుకునేవాడు.

"అక్కకు ఒక్క ఫోన్ చెయ్యరాదా?"

"ఏమని చెయ్యాలె? దొంగ లెక్క దాక్కున్న అని చెప్పాల్నా?"

సంజీవ్ చెయ్యెత్తాడు. ఆ చెంప ఇప్పటికే దెబ్బ తిన్నదని గుర్తొచ్చి చెయ్యి దింపాడు. కోపం మాత్రం దింపలేదు. చైను ఎక్కించి, మేకల్ని దొడ్లోకి తోలించి, బావ రెక్క పట్టి వెనక కూర్చోబెట్టాడు.

ఫోన్‌కి సిగ్నల్ వచ్చిన చోటే బండి ఆపి, నంబరు నొక్కి, బావ చెవికి ఆనించాడు.

అవతల కనకవ్వ ఎత్తింది. ఇస్తారి జరిగింది గొణిగాడు... అంతే. ఆ తర్వాత కనకవ్వ తిట్టిన తిట్లకి చుట్టుపక్కల ఇసక దిబ్బలు రెండు పక్కకి జరిగాయంటారు! తిట్టీ తిట్టీ, ఆఖరికి దిగిన గొంతుతో అడిగింది.

"ఇన్నొద్దులు ఏం జేసినవు?"

"భయపెట్టిన."

"ఎవల్ని?"

"తొవ్వొంటి పోయెటోళ్లను... అందరికంటె ఎక్కువ నిన్ను."

కనకవ్వ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా —

"కంపెనీకి పోతవో, ఎంబసీకి పోతవో, నువ్వైతె ఇంటికి రా. భయం అంటె ఏందో నేను జూపిస్త."

లారీ డ్రైవర్లని జ్వరాన పడేసిన దయ్యం, ఆ మాటకి బైకు పట్టుకుని నేల మీద కూలబడింది.