కోసిన పీచుతాడు

ఉదయం ఏడు ఇరవై. ఐస్ పెట్టెలో ఉండాల్సిన మూడు కొబ్బరి పీతలు లేవు.

ఉత్తరపు లంకలో పట్టిన పీతలవి. మార్షల్ దీవుల్లో ఆ లంక మీద అణుబాంబు పరీక్షల బూడిద రాలి ఇరవై మూడేళ్ళయింది. అక్కడి పీతల్ని పిల్లలకు పెట్టొచ్చా, కూడదా? ఆ మూడే తేల్చాలి. సర్వే ఓడ పదింటికి వెళ్ళిపోతుంది.

పీతల్ని పట్టి, కొబ్బరి పీచుతాళ్ళతో కట్టి ఇచ్చిన ముసలి లజ్వి తినేసి ఉంటాడన్నారు సర్వే పెద్ద డాక్టర్ వెల్డన్. కొత్త శాంపిల్స్ లేకపోతే పాత రిపోర్టే ఖాయమట. అంటే, తినొచ్చని.

రాజధాని మజూరో నుంచి ఓడలో కాపలాగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ బిల్లిమన్‌కు ఒళ్ళు మండింది. ఒడ్డంతా వెతికాడు. ఎనిమిది పదికి, అలలు తెచ్చి పడేసిన మూడు పీచుతాళ్ళు దొరికాయి, మూడూ కోసినవే.

తొమ్మిదింటికి ముగ్గుర్ని షెడ్డులోకి పిలిచాడు. లజ్వి, వంటవాడు కైరస్, డాక్టర్. రాత్రి పెట్టె దగ్గరికి వెళ్ళింది వాళ్ళే. లజ్వి చేత మూడు కొబ్బరికాయల్ని పీతల్ని కట్టినట్టే కట్టించి, తలా ఒకటి ఇచ్చాడు.

"విప్పండి."

ఈ దీవిలోనే పుట్టిన కైరస్ గోళ్ళతో ముడి విప్పాడు. లజ్వి విప్పిన తాడును చుట్ట చుట్టి నడుముకు దోపుకున్నాడు. డాక్టర్ జేబులోంచి కత్తి తీసి పరపరా కోశారు.

"ఆ కత్తి ఇలా ఇవ్వండి."

మడత సందులో చిన్న పీత పెంకు ముక్క ఇరుక్కుని ఉంది.

"ఈ తాడు తొడ మీద పేనాలంటే ఒక పూట పడుతుంది డాక్టరుగారూ. ఇక్కడ ఆకలితో చచ్చేవాడైనా ముడి విప్పుతాడు. కొయ్యడు. తాళ్ళకు కట్టిన సర్వే నంబరు బిళ్ళలు ఎవరికీ దొరక్కూడదని మీరు తాళ్ళు కోశారు. సముద్రంలో పీతలు మునిగాయి, తాళ్ళు తేలాయి."

డాక్టర్ ఒప్పుకున్నారు. పీతల దగ్గర పెడితే రేడియేషన్ మీటరు ముల్లు మరీ పైకి పోయిందట. పైవాళ్ళకు అలాంటి అంకెలు నచ్చవట.

నింద పోయినా లజ్వి మొహంలో సంతోషం లేదు. తన బుట్టకు కట్టిన పాత తాడు విప్పి బల్ల మీద పెట్టాడు. రెండు ముక్కలు, కలిపి ముడేసినవి.

"మూడేళ్ళ కిందట మీ ఓడ వెళ్ళాక ఒడ్డున దొరికింది బాబూ. పాపం, ముడి విప్పడం రాక కోశారనుకున్నా. ఆ ఏడే తినొచ్చని చెప్పారు. అప్పట్నుంచి మా మనవరాలికి ఆ పీతలే పెడుతున్నాను."

ఆ సర్వేకూ వెల్డనే పెద్ద.

శాంపిల్స్ మాయం చేసినందుకు ఒక సెక్షన్ ఉంది. దీనికి బిల్లిమన్ దగ్గర ఏ సెక్షనూ లేదు.