డాకర్స్ గెలిచిన సంవత్సరం

ఆదివారం పొద్దున్నే రోమన్ డుడెక్ వేసిన కేకకు, పొయ్యి దగ్గరున్న ఐరీన్ చేతిలోంచి అట్లకాడ జారిపడింది.

"నా జెర్సీ ఏది?"

"కుర్చీ మీదే ఉండాలి. చూడు."

"లేదు! ఐరీన్, నిజం చెప్పు. ఉతికావా?"

ఇంట్లో దొంగలు పడ్డారన్నా ఆ గొంతులో అంత భయం పలకదు. ఐరీన్ జవాబు చెప్పేలోపే వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న ముసలావిడ అందుకుంది.

"నేనే తీసుకెళ్ళి గరాజ్‌లో తగిలించానురా. దాని కంపుకి రాత్రంతా కన్ను మూతపడితే ఒట్టు. పిల్లి కూడా పక్కింటికి కాపురం మార్చింది."

"ఉతకలేదు కదా?"

"ముట్టుకోడానికే పటకారు వాడాను, ఉతుకుతానా?"

ఆవిడ రోమన్ తల్లి. మనవరాలు పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో అందరికీ ఆవిడ 'బూషా'యే. నాయనమ్మని ఆ వీధిలో పోలిష్ వాళ్ళంతా అలాగే పిలుస్తారు.

రోమన్ గరాజ్‌లోకి పరిగెత్తి, స్వెటర్ మీద ఆ ఆకుపచ్చ జెర్సీ తొడుక్కుని వచ్చాడు. సెప్టెంబరు నుంచి దానికి నీళ్ళు తగల్లేదు. తగలకూడదు. అది వేసుకున్న రోజు నుంచే ఎల్మ్‌పోర్ట్ డాకర్స్ గెలవడం మొదలుపెట్టారు మరి.

కిందటేడు ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో గెలిచినవి రెండే ఆటలు. ఓడరేవులో క్రేన్లు నడిపేవాళ్ళ దగ్గర్నుంచి చర్చిలో ఫాదర్ వరకు అందరూ దాని పేరు చెబితే తలదించుకునేవాళ్ళు. అప్పుడొచ్చాడు వేడ్ హాగ్‌లండ్ అనే కొత్త కోచ్. హైస్కూలు పిల్లలకు ఆట నేర్పుకుంటున్న మనిషిని తెచ్చి జట్టు చేతిలో పెడితే ఊరు పగలబడి నవ్వింది. మొదటి రెండు ఆటలూ ఓడిపోతే ఇంకా నవ్వింది. మూడో ఆట నుంచి ఆ నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు జనవరి. ఇరవై రెండేళ్ళ తర్వాత డాకర్స్, ఓడితే ఇంటికే అనే ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టారు. అదీ సొంత మైదానంలో, నదికి అవతల, మధ్యాహ్నం ఒంటిగంటకి.

ఆ ఆటకి టికెట్ ఉందని క్రేన్ దగ్గర తనతో పనిచేసే స్నేహితుడొకడు వచ్చి బతిమాలితే రోమన్ వద్దన్నాడు. మొదటి గెలుపు సోఫాలో కూర్చుని చూశాడు. కాబట్టి సోఫాలోంచే చూడాలి. ఆ రోజు బూషా గుమ్మం దగ్గర పీట మీద ఉంది. ఇవాళా అక్కడే ఉండాలి. ఐరీన్ ఆ రోజు బట్టలు ఇస్త్రీ చేస్తోంది. అప్పటి నుంచి ప్రతి ఆటకీ ఆమె ఇస్త్రీ బల్ల వెనక నిలబడుతూనే ఉంది. బట్టలైపోతే దిండు గలీబులే మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది.

ఇక, ఆ రోజు ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషి కూడా ఒకరున్నారు.

ఐరీన్ జేబులో ఫోన్ మోగింది. కూతురు కోలెట్ పంపిన సందేశం. 'అమ్మా, లెవీని వెంటనే ఉద్యోగంలో చేరమన్నారు. రేపు తెల్లారగానే బయల్దేరుతున్నాం. నాన్నకి ఇప్పుడు చెప్పకు. ఆట అయ్యాక నేనే ఫోన్ చేస్తా.'

ఐరీన్ పొయ్యి కట్టేసి సందేశాన్ని మళ్ళీ చదివింది.

రోమన్ అన్న లెనార్డ్ పోయి రెండేళ్ళయింది. చిన్నప్పటి నుంచి అన్నదమ్ములిద్దరూ ఒక్క ఆట కూడా విడిగా చూడలేదు. అన్న పోయాక రోమన్ పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. మనిషి ఉన్నాడన్న మాటే గానీ ఉలుకూ పలుకూ లేదు. సోఫాలో ఎడమవైపు లెనార్డ్ చోటు ఖాళీగా ఉండటం చూడలేక ఒక ఆదివారం కోలెట్ వచ్చి అందులో కూర్చుంది. లెవీతో పెళ్ళయి వేరే ఇంట్లో ఉన్నా ప్రతి ఆదివారం వచ్చేది.

సెప్టెంబరులో ఆ మూడో ఆట రోజున, సగం ఆట దగ్గర, చెప్పక తప్పక చెప్పింది. "నాన్నా, లెవీకి దేశానికి ఆ చివర టకోమాలో ఉద్యోగం వచ్చింది. జనవరిలో వెళ్తున్నాం." డాకర్స్ అప్పటికే చిత్తుగా వెనకబడి ఉన్నారు. రోమన్ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "వెళ్ళేవాళ్ళకి జనవరి దాకా ఎందుకు? ఇప్పుడే వెళ్ళు," అన్నాడు. కోలెట్ కోటు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక డాకర్స్ లేచారు. ఆఖరి తన్నుతో గెలిచారు.

కాకి వాలిన క్షణానే తాటిపండు రాలింది. ఇంక రోమన్‌కి ఎవరు చెప్పగలరు? కోపం పది రోజుల్లో చల్లారింది గానీ, ఆ కోపం చోట మొక్కు వచ్చి కూర్చుంది. కోలెట్ రాకపోతే గెలుస్తారు. సీజన్ అయ్యాక మాట్లాడదాం.

ఐరీన్ కూడా నోరు మెదపలేదు. ఎందుకంటే అక్టోబరులో ఒకరోజు మంచం మీంచి లేస్తూ రోమన్ ఈల వేశాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి. ముఖం కూడా చూడని ఆ కోచ్‌కి ఐరీన్ ఆ రాత్రి ప్రార్థనలో థాంక్స్ చెప్పుకుంది. ఆ తర్వాత ఏ రాత్రీ మానలేదు.

కానీ రేపు తెల్లారితే కూతురు ఉండదు.

* * *

"రోమన్, కోలెట్ రేపే వెళ్ళిపోతోంది."

ఆట మొదలవడానికి ఇంకా కాసేపుంది. రోమన్ సోఫాలో కుడివైపు సర్దుకుంటున్నవాడు ఆగిపోయాడు. "నెలాఖరు కదా?"

"ముందే రమ్మన్నారట. లారీలో సామానెక్కిస్తున్నారు. ఇవాళ భోజనానికి రమ్మంటున్నాను."

"ఇవాళా?" ఇంటికి నిప్పంటుకుందన్నట్టు లేచాడు. "ఇవాళ కుదరదు! ఆట అవగానే నేనే వెళ్తాను. ప్రమాణం."

"గెలిస్తే?"

"గెలిస్తే..." రోమన్ నాలిక్కరుచుకున్నాడు. గెలిస్తే వచ్చే ఆదివారం ఇంకో ఆట ఉంటుంది. దాని తర్వాత మరొకటి.

"చెప్పు. గెలిస్తే వెళ్తావా, వచ్చే వారం దాకా ఆగుతావా?"

రోమన్ టీవీ రిమోట్ అందుకున్నాడు.

"అంటే వాళ్ళు గెలుస్తున్నంత కాలం నాకు కూతురు లేదు. అంతేనా?"

"అలా అనకు ఐరీన్. ఊరు ఊరంతా ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది. నా ఒక్కడి వల్ల పోతే ఆ మొహాలెలా చూడను?"

"ఊరి గెలుపంతా నీ సోఫా మీదే ఆగిందా? అక్కడ వంద మంది మంచులో పడి దొర్లుతుంటే గెలిపించేది నీ కంపు జెర్సీయా?"

"నువ్వూ చూశావుగా! ఆ పిల్ల గుమ్మం దాటాకే..."

"తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు వీడు," అంది బూషా పీట మీంచి. "వీళ్ళ నాన్నా ఇంతే. నాకు పురిటినొప్పులొస్తుంటే ఆట అయ్యేదాకా ఓర్చుకోమన్నాడు."

"ఓర్చుకున్నావా లేదా?"

"లేదు. అందుకే ఓడిపోయారని చచ్చేదాకా సాధించాడు."

ఇంకోరోజైతే ఐరీన్ నవ్వేది. ఇవాళ గోడకున్న కారు తాళం తీసుకుంది.

"ఎక్కడికి? ఐరీన్! నువ్వు ఇస్త్రీ బల్ల దగ్గరుండాలి!"

"నువ్వే రుద్దుకో," అని తలుపు ధడాలున వేసింది.

* * *

కోలెట్ ఇల్లు ఎనిమిది వీధుల అవతల. ముంగిట్లో లారీ, చుట్టూ అట్టపెట్టెలు. మంచులో నిలబడి తాడు బిగిస్తున్న అల్లుడు లెవీ, ఆమెను చూసి చెయ్యి ఊపాడు.

"కోలెట్ ఏది?"

"కారులో. ఆదివారం కదా!"

"కారులో ఏం చేస్తోంది?"

లెవీ విచిత్రంగా చూశాడు. "మీకు తెలీదా? మీకు చెప్పొద్దంది గానీ... మీ ఇంటి జబ్బే. వెళ్ళి చూడండి."

ఇంటి పక్కగా పాత కారు ఆగి ఉంది. అద్దాలకు ఆవిరి పట్టింది. ఐరీన్ తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. కోలెట్ దుప్పటి కప్పుకుని, రేడియోకి చెవి ఆనించినంత దగ్గరగా వంగి ఉంది.

"అమ్మా? నువ్వు ఇస్త్రీ చేస్తూ ఉండాలి కదా!"

ఐరీన్ రేడియో వైపు, కూతురి వైపు చూసింది.

"ఆ రోజు ఇంట్లోంచి వచ్చేశాక ఏడుపు ఆగక దారిలో కారాపాను," అంది కోలెట్ తల దించుకుని. "రేడియో పెట్టాను. ఆఖరి తన్ను అందులోనే విన్నాను. అప్పట్నుంచి ప్రతి ఆటా కారులోనే."

"నువ్వు కోపంతో రావడం లేదనుకున్నాను."

"మొదట్లో కోపమే. తర్వాత ఓ రోజు ఫోన్ చేసి, నాన్న ఈల వేస్తున్నాడే అని ఏడ్చావు, గుర్తుందా?" అంది కోలెట్. "నేను రాకపోతే నాన్న ఈల వేస్తాడంటే, రాకూడదు అనుకున్నానమ్మా."

ఐరీన్‌కి అప్పుడర్థమైంది. కూతురికి సంతోషం పంచుతున్నాననుకుంటూ తనే తలుపుకి గడియ పెట్టింది!

"పద ఇంటికి," అంది కళ్ళు తుడుచుకుని.

"ఆట అవనీ."

"నువ్వు కూడానా?"

"అమ్మా, మనం మూడు పాయింట్లు ముందున్నాం! ఇప్పుడు కదిలితే..."

వాదన చాలాసేపు నడిచింది. ఆటలో సగం అయిపోయింది. రేడియోలో మళ్ళీ కేకలు మొదలయ్యాయి. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు ఓ భయంకరమైన కంపు కారులోకి దూరింది.

"జరగండి, గడ్డకట్టి చస్తున్నాను," అన్నాడు రోమన్.

కాళ్ళకి ఇంట్లో తొడిగే చెప్పులు. కోటు లేదు. జుట్టు నిండా మంచు. కారు ఐరీన్ తెచ్చేసింది కాబట్టి ఎనిమిది వీధులూ నడిచి వచ్చాడు.

"నాన్నా!" కోలెట్ బిత్తరపోయింది. "ఆట జరుగుతోంది! మనవాళ్ళు ముందున్నారు!"

"తెలుసు. గెలుస్తుండగానే లేచి వచ్చాను."

కోలెట్ తను కప్పుకున్న దుప్పటి తీసి వెనక్కి అందించింది.

"బూషా టీవీ కట్టేసింది," అన్నాడు రోమన్ చేతులు రుద్దుకుంటూ. "పీట మీంచి లేచొచ్చి మరీ. 'ఒరేయ్, ఆ ఫెంట్రెస్ బంతి తన్నినప్పుడల్లా గంతులేస్తావు కదా, వాణ్ణి ఎవడు తెచ్చాడు?' అంది."

కోలెట్‌కి తెలుసు. ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. ముసలివాడైపోయాడని పాత కోచ్ వెళ్ళగొట్టిన ఆటగాడు ఆర్లో ఫెంట్రెస్. రెండు ఆటలు ఓడిపోయిన వారంలో హాగ్‌లండ్ తనే కారు నడుపుకుంటూ అతని ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. అతను ఇంటి కప్పు బాగుచేసుకుంటుంటే నిచ్చెన కింద నిలబడి, 'నువ్వు లేకపోతే కుదరడం లేదు, రా' అన్నాడట. ఆ మూడో ఆటని గెలిపించింది ఫెంట్రెస్ కాలే.

"'పొమ్మన్నవాణ్ణి గుమ్మం దగ్గరికి వెళ్ళి పిలుచుకున్నాడు కాబట్టి వాడు గెలుస్తున్నాడు. నువ్వేమో కన్నకూతుర్ని పొమ్మన్నందుకు గెలుస్తున్నామని పండగ చేసుకుంటున్నావు' అంది." రోమన్ కూతురి సీటు మీద చెయ్యి వేశాడు. "నాకు తెలిసిన ఆటే అమ్మా. ఇన్నాళ్ళూ తప్పుగా చూశాను. నువ్వు లేకపోతే కుదరడం లేదు. ఇంటికి రా."

కోలెట్ సీటు మీంచి వెనక్కి వంగి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. ఐరీన్ కిటికీ వైపు తిరిగింది.

"ఇంటికి వెళ్ళేసరికి అయిపోతుంది," అన్నాడు రోమన్ చివరికి, ముక్కు చీదుకుని. "ఇక్కడే విందాం."

ముగ్గురూ విన్నారు. లెవీ కాఫీలు తెచ్చి, కారులో తల పెట్టి, ఆ వాసనకి అంతే వేగంగా తల వెనక్కి తీసుకున్నాడు. ఆట చివరికొచ్చేసరికి డాకర్స్ ఒక్క పాయింటు వెనకబడ్డారు. క్షణాలే మిగిలాయి. ఫెంట్రెస్ బంతి ముందుకొచ్చాడు. చాలా దూరం. రెండు కర్రల మధ్య నుంచి పంపితే గెలుపు.

నదికి అవతల అరవై వేల మంది ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం ఇక్కడిదాకా వచ్చింది. ఎదురింటి వరండాలో ఆకుపచ్చ జెండా కిందికి వాలి ఉంది. తన్నాడు. జెండా హఠాత్తుగా పటపటా కొట్టుకుని పక్కకి తిరిగింది.

బంతి కుడి కర్రకి జానెడు అవతలగా వెళ్ళిపోయింది.

సీజన్ అయిపోయింది.

కోలెట్ ముఖం పాలిపోయింది. "చెప్పానా నాన్నా? నువ్వు అక్కడే ఉండాల్సింది. నా వల్లే..."

"గాలి," అన్నాడు రోమన్.

"ఏంటి?"

"గాలమ్మా. ఆఖర్లో నది మీంచి తిరిగింది. ఆ జెండా చూడు. ఆ గాలికి ఎవడు తన్నినా అంతే."

ఐరీన్ మొగుడి వైపు చూస్తూ ఉండిపోయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి ప్రతి ఓటమికీ ఓ దోషిని పట్టుకునేవాడు. సాసేజ్ మార్చిన దుకాణంవాణ్ణి, ఆట మధ్యలో తలుపు తట్టిన పక్కింటివాణ్ణి, తుమ్మిన పిల్లిని. గాలిని తప్పు పట్టడం ఇదే మొదటిసారి.

అప్పుడు నదికి అవతల నుంచి ఏదో చప్పుడు మొదలైంది. వాన మొదలైనట్టు సన్నగా మొదలై పెరిగింది. ఇంటికి పోకుండా జనం నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఓడిన జట్టుకి. తలుపు తట్టడం తెలిసిన ఆ కోచ్‌కి.

రోమన్ అద్దం దించి, చెయ్యి బయటికి పెట్టి, కారు తలుపు మీద చప్పుడు చేస్తూ తనూ కొట్టాడు. కన్నీళ్ళు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు. "థాంక్స్ రా అబ్బాయిలూ," అన్నాడు. "ఇది చాలు."

"పదండి," అంది ఐరీన్. "బూషా ఒక్కతే ఉంది. సాసేజ్‌లు మాడ్చేస్తుంది."

"ఎడమవైపు చోటు ఖాళీగానే ఉంది," అన్నాడు రోమన్ కూతురితో. "రేపటిదాకా నువ్వు లేవకూడదు."

"వస్తాను గానీ నాన్నా," కోలెట్ ఏడుస్తూనే ముక్కు మూసుకుంది. "ముందు దాన్ని విప్పు. ఊపిరాడటం లేదు."

రోమన్ ఓసారి జెర్సీని నిమిరాడు. తర్వాత తల మీంచి తీసి, మడతపెట్టి, ముందు సీట్లోని భార్య ఒళ్ళో పెట్టాడు.

"ఉతుకు," అన్నాడు.