అమ్మమ్మ కొట్టిన సొట్ట

"ఎవరు తీయమన్నారండీ మిమ్మల్ని?"

షెడ్డులో సుత్తుల చప్పుడు టక్కున ఆగిపోయింది. పళ్ళ డాక్టరు కారు తలుపు మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఎంత మొండి పేషెంటు వేలు కొరికినా తొణకని ఆ చెయ్యి ఇప్పుడు తలుపంతా కంగారుగా వెతుకుతోంది.

"దేన్నండీ?" అన్నాడు మేస్త్రి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. పాపం, మెచ్చుకుంటుందనుకుని మొహం వెలిగించుకుని మరీ వచ్చాడు.

"సొట్ట! హ్యాండిల్ కింద పెద్ద సొట్ట ఉండాలి. ఏదీ?"

"ఓ, అదా!" అతని నవ్వు ఇంకాస్త వెడల్పయింది. "మీరు చెప్పడం మర్చిపోయారు కదా, నేనే తీసేశా. బిల్లులో వెయ్యన్లెండి. మీ కోసం ఊరికే!"

ఊరికేనట! అడగనిది చెయ్యడం ఒక తప్పు, దాన్ని కానుకలా అందించడం ఇంకో తప్పు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి. ఫ్రాన్సులో పుట్టింది. దూరప్రయాణాలు చేసే శ్రీమంతుల కోసం చాలా తక్కువ సంఖ్యలో చేశారు. చేసిన కంపెనీ కూడా ఎప్పుడో మూతపడింది. బానెట్టు ఎంత పొడవంటే, అది వీధి మలుపు తిరిగిన కాసేపటికి గానీ లోపలున్న మనిషి తిరగడు. ఇల్లు కొనాల్సిన డబ్బుతో ఈమె తాతయ్య దాన్ని సెకండ్ హ్యాండులో కొని, దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. ఇల్లు మాత్రం చివరిదాకా అద్దెదే.

తాతయ్య పోయాక దొరసాని బ్రేకులు కూడా పోయాయి. సీట్ల తోలు చిట్లింది. అమ్మమ్మ మళ్ళీ ఆ కారులో షికారు వెళ్తానంటే, మనవరాలు వెతికి వెతికి ఈ షెడ్డుకు తెచ్చింది. రోజూ క్లినిక్ కాగానే వచ్చి చూసేది. కారునేనా, మేస్త్రిని కూడానా అని ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె కూడా చెప్పుకోలేదు.

"ఇటు రండి," అంటూ ఇవతలి తలుపు తెరిచింది. "ఈ డాష్‌బోర్డు దేనితో చేశారు?"

"రేకండీ. చూస్తే చెక్క అనుకుంటాం. రేకు మీద చెక్క గీతల్లా చేత్తో పెయింట్ వేశారు. ఎక్కడ పెచ్చు లేచిందో అక్కడ సన్న బ్రష్షుతో దిద్దాను. ఒక్క గీత మారలేదు చూడండి."

"ఆహా! దొంగ చెక్కను కంటికి రెప్పలా కాపాడి, నిజమైన సొట్టను మింగేశారన్నమాట!"

"సొట్టలో నిజమేంటండీ? మీరు పిప్పి పన్ను చూసి పూడ్చకుండా వదిలేస్తారా?"

"పేషెంటు నోరు తెరిచాడు కదాని, అడక్కుండా పన్ను పీకను!"

మేస్త్రి తెలీకుండానే తన దవడ తడుముకున్నాడు.

అప్పుడు చెప్పింది. అమ్మమ్మ పెళ్ళికాని రోజుల్లో, వానలో, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లబట్టలతో మొట్టమొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్తోంది. తాతయ్య నడుపుతున్న ఈ కారు సర్రున వచ్చి గుంటలోని బురదంతా ఆమె మీద చిమ్మింది. ఆగిన కారు తలుపును అమ్మమ్మ గొడుగు పిడితో ఒక్కటిచ్చింది. ఇత్తడి పిడి. ఆ సొట్టను తాతయ్య జన్మలో తీయించలేదు. తలుపు వేసిన ప్రతిసారీ బొటనవేలితో దాన్ని ఒకసారి నిమిరేవాడు. నిమిరి నిమిరి అక్కడ పెయింటే పల్చబడిపోయింది.

"ఆదివారం అమ్మమ్మ వస్తుంది. అన్నిటికంటే ముందు దాన్నే తడుముతుంది. ఏం చెప్పమంటారు? మేస్త్రిగారు ఊరికే తీసేశారని చెప్పనా?"

అతను సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "మళ్ళీ పెట్టేస్తానండీ," అన్నాడు.

ఆదివారం వాన పడుతోంది. అమ్మమ్మను ఒక చేత్తో, గొడుగును ఒక చేత్తో పట్టుకుని వచ్చిన డాక్టరుకు షెడ్డు గోడ పొడుగునా పాత కారు తలుపులు కనిపించాయి. ప్రతిదానికీ ఒక సొట్ట. అన్నీ గుండ్రంగా, ముద్దుగా, గిన్నెల్లా ఉన్నాయి.

"రాలేదండీ," అన్నాడు మేస్త్రి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "బతుకంతా తీసిన చెయ్యి. పెట్టమంటే పెట్టలేకపోతోంది. దొరసాని మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు."

అమ్మమ్మ నేరుగా వెళ్ళి తలుపును తడిమింది. చెయ్యి నున్నగా జారిపోయింది. ఇంకోసారి తడిమింది. అరిచి ఉంటే బాగుండేది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు అతను తలవంచుకుని. "మీరే ఒక్కటి వెయ్యండి."

అమ్మమ్మ మనవరాలి చేతిలోని గొడుగు అందుకుని, తిప్పి పట్టుకుంది. అదే ఇత్తడి పిడి. కానీ ఎత్తిన చెయ్యి మెల్లగా దిగిపోయింది.

"ఎవరి మీద కోపంతో కొట్టను నాయనా? ఆయన లేడుగా."

ఆ మాటకు మనవరాలు అమ్మమ్మ భుజం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆ మహానుభావుడు నోరు విప్పాడు.

"పోన్లెండి డాక్టర్ గారూ. నిజం చెప్పాలంటే నున్నగా ఉంటేనే కారుకు అందం. పెద్దావిడ నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతారు."

"ఏమన్నావ్?"

మీరు కాస్తా నువ్వయిపోయింది. అమ్మమ్మ చేతిలోని గొడుగు ఎప్పుడు లాక్కుందో ఆమెకే తెలీదు. "అలవాటు పడాలా? మా అమ్మమ్మ? నీ నునుపు నీ దగ్గరే ఉంచుకో!"

ఠాప్!

షెడ్డంతా మోగింది. మేస్త్రి ఒకడుగు వెనక్కి వేశాడు. తలుపు వంక చూశాడు, గొడుగు వంక చూశాడు, ఆయాసంతో ఊగిపోతున్న ఆమె వంక చూశాడు.

"ఇంకోటి కొడతారా?" అన్నాడు.

అమ్మమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఇద్దరూ కంగారుగా పరిగెత్తారు. చూస్తే ఆవిడ నవ్వుతోంది, కళ్ళు మాత్రం ధారలు కడుతున్నాయి.

"మీ తాతయ్య అదే అన్నాడే! కొట్టి, వణికిపోతూ నిలబడితే, దిగి వచ్చి, ఇంకోటి కొడతారా అన్నాడు. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. అది నాకే అని దాచుకున్నా."

డాక్టరు మేస్త్రి వైపు తిరిగింది.

"కావాలనే అన్నావు కదూ, నన్ను రెచ్చగొట్టడానికి?" అంది డాక్టరు, గొడుగు ఇంకా దించకుండా.

"అలవాటు పడతారన్నది కావాలనే అన్నా. మీ కోపమైతేనే సరైన సొట్ట పడుతుందనిపించింది. ఇంకోటి కొడతారా అన్నది మాత్రం..." అతను మెడ గోక్కున్నాడు. "భయంతో వచ్చేసిందండీ. మీరు కొట్టేసి వెళ్ళిపోతారని భయం. పని అయిపోయింది కదా, రేపట్నుంచి ఇటు రారుగా. అసలు ఆ సొట్ట ఊరికే తీసిందీ, మీరు మెచ్చుకుంటే చూద్దామనే."

"ఇంత ఘనకార్యం చేసి, పైగా ప్రేమా?"

"అవునండీ."

ఇంత సూటిగా ఒప్పుకునేవాడితో ఎవరు మాత్రం పోట్లాడగలరు? ఆమె తల తిప్పుకుంది, చెవులు ఎర్రబడటం కనపడకుండా.

అమ్మమ్మ లేచి సొట్టను తడిమింది. "కాస్త పైకి పడింది," అని పెదవి విరిచింది. "నేనైతే ఇంకా గట్టిగా కొట్టాను. పర్లేదు, కోపం మాత్రం మా ఇంటిదే."

తర్వాత, ఎప్పుడూ ముందు సీటు వదలని ఆ మనిషి, నెమ్మదిగా వెనక సీట్లోకి దూరి కూర్చుంది. "నువ్వు ముందు కూర్చోవే. బాబూ, నువ్వు నడుపు. బురద కనిపిస్తే చూసి పోనీ."

డాక్టరు ఎక్కబోతూ ఆగింది. బొటనవేలు తనంత తానే కొత్త సొట్టలోకి వెళ్ళింది. పెయింటు చిట్లి గరుగ్గా తగిలింది.

"దీని మీద చెయ్యి వేశావంటే చూడు!"

"తియ్యనండీ," అన్నాడు మేస్త్రి స్టీరింగు పట్టుకుని. "నిమరొచ్చా?"

ఆమె ఎక్కి కూర్చుంది. తలుపు ధడేలుమని మూసుకుంది.

"ఒప్పుకుంది, పోనీ," అంది వెనక నుంచి అమ్మమ్మ.