కట్టకూడని చార్జీ

నౌపడ ఉప్పుమడుల్లో నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. ఆ నీళ్లలో పార్సెల్ వ్యాన్ డ్రైవర్ పైడిరాజు మునిగి చచ్చిపోయాడంటే నమ్మడానికి ఎవరూ సిద్ధంగా లేరు. తెల్లారి ఉప్పు పోగుచేయడానికి వచ్చిన కూలీలు బోర్లా పడి ఉన్న అతన్ని చూసేసరికి, గట్టు మీద వ్యాన్ ఇంజన్ ఇంకా ఆడుతూనే ఉంది.

మధ్యాహ్నానికి విశాఖలో ఏజెంట్ ధనుంజయ్‌కి పిలుపొచ్చింది.

"పైడిరాజు మనవాడు," అన్నాడు చీఫ్ కూర్మనాథం. అంతకు మించి విచారం ప్రకటించే అలవాటు ఆయనకి లేదు.

కేసు వివరంగా చెప్పాడు. పలాసలో నీలసాగర్ పార్సెల్స్ అని ఒక ప్రైవేటు ఏజెన్సీ ఉంది. పైడిరాజు వ్యాన్ దానిదే. ఫారిన్ నుంచి ఆన్‌లైన్‌లో వస్తువులు తెప్పించుకున్నవాళ్లకి అక్కణ్ణించి ఫోన్ వస్తుంది, కస్టమ్స్ హేండ్లింగ్ చార్జీ కట్టి పార్సెల్ పట్టుకెళ్లమని. ఆ చార్జీ వస్తువు ఖరీదుకి రెట్టింపు. జనం తిట్టుకుంటూ వెళ్లిపోతారు. మొగుడికి చెవులు వినబడక, ఉద్దానంలో ఒక రైతు భార్య తెప్పించిన వినికిడి మిషన్ కూడా అలాగే ఉండిపోయింది. అసలు కస్టమ్స్ వాళ్లకి ఆ చార్జీ ఒకటుందనే తెలీదు.

"డబ్బు కోసమే కదా సార్?"

"డబ్బు కావాలంటే జనం కట్టగలిగే రేటు పెడతారు. ఎవరూ కట్టకూడదనే ఈ రేటు."

ప్రతి పార్సెల్‌లోనూ విదేశంలోనే ఒక ఎలక్ట్రానిక్ పార్ట్ దాచి పంపుతున్నారు. అడ్రసు ఎవరో అమాయకులది. వాళ్లు వదిలేసిన పార్సెళ్లు ముఠా చేతికి చేరతాయి. పార్టులన్నీ బిగిస్తే ఒక ట్రాన్స్‌మిటర్ తయారవుతుంది. మర్నాడు పదకొండు గంటలకి బారువ తీరం మీద పైలట్ లేని నేవీ కొత్త విమానానికి టెస్ట్ ఫ్లైట్ ఉంది. ట్రాన్స్‌మిటర్ దొంగ సిగ్నల్ ఇచ్చి దాన్ని దారి మళ్లిస్తే, నడిసముద్రంలో కాచుకున్న ఫారిన్ ట్రాలర్ పక్కన దిగుతుంది.

"టెస్ట్ ఆపించొచ్చు కదా?"

"రుజువు తెమ్మంటున్నారు. ట్రాన్స్‌మిటర్ ఎక్కడుందో కనిపెట్టు. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. పేరు నాకూ చెప్పలేదు. 'గుండా, బద్దా?' అని అడుగుతారు. 'పొట్టు చాలు' అనాలి."

గుండంటే నిండు జీడిపప్పు, బద్దంటే సగం. బేరంలో పొట్టు అడిగేవాడు పలాసలో పుట్టలేదు. కోడ్ బాగానే ఉందనుకున్నాడు ధనుంజయ్. ఒక్క అనుమానం వచ్చింది.

"ఇది పైడిరాజుకి తెలుసా సార్?"

"తెలుసు."

చచ్చేముందు అతను ఎంత చెప్పాడో ఎవరికీ తెలీదు.

ధనుంజయ్‌ది టెక్కలి. ఉద్దానం రైతు వేషం వేయడం అతనికి కష్టం కాలేదు. మాసిన గడ్డం, లుంగీ. భుజాన తువ్వాలు, దాని అంచులో సన్నటి స్టీల్ రంపం. చేతి వాచీలో వైర్‌లెస్. కొబ్బరిచెట్టు ఎక్కే మిషన్ ఒకటి డిపార్ట్‌మెంటే అతని దొంగపేరు మీద ఎప్పుడో ఆర్డరిచ్చింది. మర్నాడు పొద్దున్నే దానికోసం నీలసాగర్ ఆఫీసుకి వెళ్లాడు.

కౌంటర్లో మేనేజర్ సుచిత్ర కూర్చుంది. నల్లకళ్లద్దాలు, సిల్క్ చీర, గదంతా ఆమె పూసుకున్న సెంటు వాసన. సగం ఇంగ్లీషులో చార్జీ ఎంతో చెప్పింది. ధనుంజయ్ కాసేపు బేరమాడాడు, ఏజెన్సీనీ ప్రభుత్వాన్నీ కలిపి తిట్టాడు, చివరికి నడుముకి కట్టుకున్న మూట విప్పి డబ్బు తీసి బల్లమీద పెట్టాడు.

సుచిత్ర చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వి, పార్సెల్ బారువ దగ్గర గొడౌన్లో ఉందని, కారులో తనే తీసుకెళ్తానని చెప్పింది. పామే తన పుట్టకి దారి చూపిస్తోందని సంబరపడి, కారులో డ్రైవర్ పక్కన ఎక్కాడు.

గొడౌన్ అంటే కొబ్బరితోటల మధ్య ఎప్పుడో మూతపడ్డ జీడి ఫ్యాక్టరీ. గోడ అవతల సముద్రం హోరు. లోపల అడుగుపెట్టగానే వీపుకి పిస్తోలు తగిలింది. పట్టుకున్నవాడు ఏజెన్సీ యజమాని ఢిల్లేశ్వరరావు. తువ్వాలు, వాచీ లాగేసుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఆ చార్జీ ఎవుడూ కట్నేదు బావా," అన్నాడు తీరిగ్గా. "కట్టినోడిని ఇటే తెమ్మన్నాను. నువ్వు కట్టీసినావు. సొంత డబ్బయితే అలా కడతావేటి?"

ఇన్నేళ్ల సర్వీసులో ధనుంజయ్ అంతగా సిగ్గుపడింది లేదు. పప్పు ఆరబెట్టే గదిలోకి అతన్ని తోసి, గడియ పెట్టింది సుచిత్రే.

ఇనప గోడలు. అరల నిండా ఖాళీ రేకు ట్రేలు. అవతల పొయ్యిలో జీడిపిక్కల తొక్క మండుతుంటే, ఆ వేడిగాలి పైకప్పు కిందున్న గొట్టంలోంచి గదిలోకి కొడుతోంది. గోడని ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఊపిరి పీలిస్తే గొంతు కాలింది. తలుపు సందులోంచి హాలు కనిపించింది. బల్లమీద ట్రాన్స్‌మిటర్ సిద్ధంగా ఉంది. రుజువు కళ్లెదురుగానే ఉంది, చేరవేసే దారే లేదు. భుజంతో తలుపుని గుద్దాడు. కదల్లేదు. చెమట పట్టడం, అంతలోనే ఆరిపోవడం. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి.

తలుపు తెరుచుకుంది. సుచిత్ర వచ్చి అతని మీద పడింది.

"ట్రాలరోళ్లు ఆడమనిసిని నమ్మొద్దన్నారు," అంది ఢిల్లేశ్వరరావు గొంతు. "ఇద్దరూ కలిసి ఎండండి." మళ్లీ గడియ పడింది.

సుచిత్ర కళ్లద్దాలు పగిలిపోయాయి. లేచి కూర్చుని నెమ్మదిగా అడిగింది. "గుండా, బద్దా?"

ధనుంజయ్ బదులు పలకలేదు. కోడ్ పైడిరాజు దగ్గర రాబట్టి ఉండొచ్చు. తన నోట మాట లాగడానికే ఆమెని లోపలికి తోసి ఉండొచ్చు.

"పైడిరాజుని ఎవరు చంపారు?"

ఈసారి ఆమె మాటలో ఇంగ్లీషు లేదు. పుట్టిన ఇచ్ఛాపురం మాట వచ్చింది. "నా కళ్లముందే సంపినారు. నీళ్లలో మొకం నొక్కీసి, లేపి అడిగినారు. ఆడు కోడ్ సెప్నేదు. నావైపు సూడనైనా నేదు. సూత్తే నన్ను పోల్చీత్తారని. నాను నోరు మూసుకుని నిలబడిపోనాను."

నిజమో నటనో తేల్చే దారి ఆ గదిలో లేదు. ఉన్నది ఆ గొట్టం ఒక్కటే. దాన్ని మూసేస్తే పొగ వెనక్కి తన్ని హాలంతా కమ్ముతుంది. కానీ గదికి గాలి వచ్చేదీ దాన్నుంచే. పైగా అది ఒక్కరికి అందదు. ఒకరు రెండోవాళ్ల భుజాలెక్కాలి. ఆమె జడలో పొడుగాటి స్టీల్ పిన్ను ఉంది. ఆమె ఎక్కితే తన మెడ ఆ పిన్ను కిందే.

లుంగీ విప్పి ఆమె చేతికిచ్చాడు. లోపల నిక్కరుంది కాబట్టి పరువు దక్కింది. వంగి భుజం చూపించాడు.

"పొట్టు చాలు," అన్నాడు.

ఆమె చీరకొంగు చింపి, లుంగీతో కలిపి గొట్టంలో కుక్కింది. వేళ్లు కాలుతున్నా కిక్కురుమనలేదు.

గాలాడక గది బిగుసుకుపోయింది. హాల్లో దగ్గులు మొదలయ్యాయి. జీడితొక్క పొగకి ఎంతటివాడి కళ్లయినా మండాల్సిందే. అయినా ఎవరూ రాలేదు. ఇద్దరూ నేలకి ముఖాలానించి, తలుపు సందులో వచ్చే పిసరు గాలిని వంతులవారీగా పీల్చుకున్నారు. మూడోసారి ఆమె తన వంతు కూడా అతనికే వదిలేసింది.

చివరికి గడియ కదిలింది. గొట్టం సంగతి చూడ్డానికి ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఒకడు లోపలికి తొంగిచూశాడు. ధనుంజయ్ రేకు ట్రేతో ఒక్కటిచ్చాడు. వాడు పడేలోగా సుచిత్ర వాణ్ణి దాటుకుని, పొగలో తిన్నగా ఢిల్లేశ్వరరావు వైపు పరుగెత్తింది. మోసపోయాననుకున్నాడు ధనుంజయ్.

బల్లమీద పచ్చలైటు వెలుగుతోంది. ఆకాశంలో విమానం రొద. అది తూర్పుకి, సముద్రం వైపు ఒరుగుతోంది. ఢిల్లేశ్వరరావు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో మీట నొక్కి పట్టుకున్నాడు. సుచిత్ర జడలోంచి పిన్ను లాగి ఆ చేతిలో దించింది. మీట వదిలేసి అతను పిస్తోలు అందుకోబోతే, ధనుంజయ్ మీదపడ్డాడు. ఆమె యాంటెనా తీగని రెండు చేతులా పట్టి పెరికేసింది.

లైటు ఆరిపోయింది. రొద ఒక్క క్షణం తటపటాయించి, తిరిగి, కొబ్బరిచెట్ల మీదుగా తన దారిన తాను పోయింది.

వాచీ వెతుక్కుని ధనుంజయ్ చీఫ్‌కి కబురు పెట్టాడు. ట్రాలర్‌ని కోస్ట్‌గార్డ్ చుట్టుముట్టింది. పోలీసులొచ్చి ఢిల్లేశ్వరరావుని పట్టుకుపోయారు. వినికిడి మిషన్ ఉన్న పార్సెల్‌ని సుచిత్ర తనే వెతికి తీసి, ముందు దీన్ని పంపమని ఎస్సైకి అప్పగించింది.

తర్వాత ఇద్దరూ బారువలో ఒక కూల్‌డ్రింక్ షాపు ముందు చతికిలబడ్డారు. ఒకరికి కొంగు లేదు, ఇంకొకరికి లుంగీ లేదు. షాపాయన జాలిపడి, లోపల ఏసీ గదుందని, తలుపేసుకుని సల్లగా కూకోమని పిలిచాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తలుపొద్దు మావా," అంది సుచిత్ర. "ఎండలోనే సల్లగా ఉంది."